వీసా లేకుండ వెళ్ళి విద్యార్థి వీసా పొందవచ్చునా?

మన పల్లెల బిడ్డలు నేడు పెక్కు దేశములలో ఉన్నత విద్య నభ్యసించుచున్నారు. అమెరికా, జర్మనీ, మలేషియా, ఫిలిప్పీన్స్ అను పేర్లు రచ్చబండ కడ కూడ వినవచ్చుచున్నవి. వానితోపాటు ఒక మాట ప్రచారములోనికి వచ్చినది. “ఆ దేశమునకు వీసా అక్కరలేదు. ముందు విమానమెక్కి వెళ్ళిన చాలును. విద్యార్థి వీసా అక్కడనే తీసికొనవచ్చును” అని కొందరు దళారులు చెప్పుచుందురు. పొలము కుదువబెట్టి బిడ్డను పంపదలచిన తల్లిదండ్రులు ఈ మాటను నమ్ముటకు ముందు దీనిలోని సత్యమును తెలిసికొనుట అవసరము.

రెండు అనుమతులు వేరు

ఒక దేశము మన పౌరులను వీసా లేకుండ రానిచ్చుచున్నదనగా, కొన్ని దినములు ఆ దేశమును చూచి, బంధుమిత్రులను కలిసికొని తిరిగి పొమ్మని అర్థము. చదువుకొనుటకు సెలవిచ్చినట్లు కాదు. పండుగకు వచ్చిన చుట్టము మూడు దినములుండి ఆదరణ పొంది పోవచ్చును. ఆ ఊరిలో పొలము సాగుచేయదలచినచో కౌలు ఒప్పందము కావలెను. విద్యార్థి వీసా అట్టి ఒప్పందము వంటిది. ఏ కళాశాలలో, ఎంతకాలము, ఎవరి ఖర్చుతో చదువునో విచారించిన పిదపనే ఆ దేశము దాని నిచ్చును.

చుట్టముగా వచ్చినవానికి అక్కడనే విద్యార్థి అనుమతి నిచ్చుటయా, మానుటయా అనునది ఆ దేశపు చట్టము ననుసరించి యుండును. అంతేకాదు, ప్రవేశించినవాని పాస్‌పోర్టు ఏ దేశముదో దానిని బట్టి కూడ యుండును. పొరపాటు తరచుగా ఇచ్చటనే కలుగుచున్నది.

జర్మనీ నియమము

జర్మనీ నివాస నిబంధనలలోని 41వ సెక్షను దీనికి మంచి ఉదాహరణము. దాని ప్రకారము ఆస్ట్రేలియా, ఇజ్రాయెల్, జపాన్, కెనడా, దక్షిణ కొరియా, న్యూజిలాండ్, బ్రిటన్, అమెరికా పౌరులు వీసా లేకుండ జర్మనీలో ప్రవేశించి, 90 దినముల లోపల అక్కడి కార్యాలయమున నివాసానుమతికి దరఖాస్తు చేసికొనవచ్చును. కనుక “ముందు వెళ్ళి పిదప అనుమతి పొందుట” యను పద్ధతి లోకములో లేకపోలేదు. కాని ఆ పట్టికలో భారతదేశము లేదు. తోటి విద్యార్థియైన అమెరికా యువకుడు చేసినది చూచి మన యువకుడు చేయబోయినచో చిక్కులలో పడును.

మన విద్యార్థి జర్మనీకి బయలుదేరక ముందే విద్యకై ప్రత్యేకముగా ఇచ్చు దీర్ఘకాలిక వీసా పొందవలెను. 2022 నవంబరు 1 నుండి భారత విద్యార్థులు ఈ వీసాకై తమ సర్టిఫికెట్లను ఢిల్లీలోని ఏ.పి.ఎస్. అను కేంద్రముచే పరీక్షింపజేసి ధ్రువపత్రము తీసికొనవలసి యున్నది. జీవనవ్యయమునకు చాలినంత ధనమున్నట్లు కూడ చూపవలెను. ప్రత్యేక ఖాతాలో జమచేసి చూపు పద్ధతిలో ఈ మొత్తము 2024 సెప్టెంబరునుండి ఏడాదికి 11,904 యూరోలుగా నిర్ణయింపబడినది. పర్యటనకై ఇచ్చు స్వల్పకాల వీసాపై ఏ 180 దినములలోనైనను 90 దినములే ఉండవచ్చును. దానిపై వెళ్ళి, అక్కడనే విద్యార్థిగా మారవచ్చునని తలచుట తగదు.

ఇతర దేశములు

మలేషియా 2023 డిసెంబరు 1 నుండి భారత పౌరులను 30 దినముల వరకు వీసా లేకుండ రానిచ్చినది. అయినను అక్కడ చదువుటకు విద్యార్థి పాసు కావలెను. దానికై ముందుగా విద్యాసంస్థ ద్వారా దరఖాస్తు చేసి, ఆమోద పత్రము చేతికి వచ్చిన పిదపనే ప్రయాణము కావలెను.

మన ప్రాంతపు విద్యార్థులు వైద్యవిద్యకై వెళ్ళు ఫిలిప్పీన్స్‌లో పర్యాటక వీసాతో వచ్చినవారు విద్యార్థి వీసాకు మార్పు కోరు పద్ధతి కలదు. కాని 2025లో ఆ దేశము భారత పర్యాటకులకు కల్పించిన 14 దినముల వీసా రహిత ప్రవేశమునకు అది వర్తింపదు. ఆ గడువు పొడిగింపబడదని, ఇతర వీసాగా మార్చబడదని ఆ దేశము అప్పుడే స్పష్టపరచినది. ఒకే దేశమున, ఒకే మనిషికి, ప్రవేశించిన తీరును బట్టి ఫలితము మారుట గమనింపదగినది.

అమెరికాలో కూడ వీసా మినహాయింపు పథకము క్రింద 90 దినములకు వచ్చిన కొన్ని దేశముల పౌరులు విద్యార్థులుగా మారుటకు వీలులేదు. మన దేశము ఆ పథకములో లేదు. సందర్శక వీసాతో వెళ్ళిన భారతీయుడు మార్పునకు దరఖాస్తు చేయవచ్చును గాని, అది మంజూరగు వరకు తరగతులలో చేరరాదు.

దాచిన మాట తెచ్చు కీడు

విమానాశ్రయమున అధికారి “ఏ పనిపై వచ్చితివి?” అని అడుగును. పెట్టెలో కళాశాల ప్రవేశపత్రము నుంచుకొని “దేశము చూడ వచ్చితిని” అని చెప్పుట అసత్యమగును. అది బయటపడినచో వచ్చిన దారినే త్రిప్పి పంపుదురు. టిక్కెట్టు ఖర్చు పోవును. కట్టిన ఫీజు చిక్కుపడును. చదువులో ఒక ఏడు నష్టపోవచ్చును. ఇంతటితో తీరదు. పిమ్మట మరియొక దేశమునకు దరఖాస్తు చేయునపుడు “ఇదివరకు ఎక్కడనైనను ప్రవేశము నిరాకరింపబడినదా?” అను ప్రశ్న ఎదురుకావచ్చును. దళారి చెప్పిన మాటకు విద్యార్థియే జవాబుదారి యగును. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల?

చేయవలసిన పనులు

మొదట విద్యాసంస్థనుండి ప్రవేశపత్రము పొందవలెను. తరువాత ఆ దేశపు రాయబార కార్యాలయము ప్రకటించిన నిబంధనలను స్వయముగా చదువవలెను, లేదా చదువుకొన్నవారిచే చదివించుకొనవలెను. “భారత పాస్‌పోర్టు గలవారు వీసా లేకుండ ప్రవేశించి, అక్కడనే విద్యార్థి అనుమతి కోరవచ్చునా?” అని విద్యాసంస్థకు వ్రాసి, వ్రాతపూర్వకమైన జవాబు తెప్పించుకొనవలెను. వీసా చేతికి వచ్చిన పిమ్మటనే టిక్కెట్టు కొనుట క్షేమము. కేంద్ర ప్రభుత్వము విదేశోద్యోగములకై ఏజెంట్లకిచ్చు లైసెన్సు ఉద్యోగములకు సంబంధించినదే గాని, విద్యా ప్రవేశములకు పూచీ కాదు.

ఇప్పటికే వీసా లేకుండ వెళ్ళియున్నవారు భయపడి దాగుకొనరాదు. గడువు తీరక ముందే విద్యాసంస్థ వారిని, ఆ దేశపు ఇమ్మిగ్రేషన్ కార్యాలయమును సంప్రదింపవలెను. మార్పునకు వీలున్నచో దరఖాస్తు చేసి రసీదు భద్రపరచుకొనవలెను. వీలులేనిచో గడువులోపల స్వదేశమునకు వచ్చి, క్రమముగా దరఖాస్తు చేయుటయే మేలు. గడువు దాటి నిలిచిన ప్రతి దినము దోషమును పెంచును. ఆపదలో నున్నవారు అక్కడి భారత రాయబార కార్యాలయమునకు గాని, విదేశాంగ శాఖ 2015లో నెలకొల్పిన ‘మదద్’ అను ఫిర్యాదుల విభాగమునకు గాని విన్నవించుకొనవచ్చును.

తలుపు తెరచియున్నంత మాత్రమున ఇల్లు మనది కాదు. తగిన వీసాతో వెళ్ళిన విద్యార్థి ఏ అధికారి యడిగినను ఉన్నమాట చెప్పగలడు. ఇంటికడ తల్లిదండ్రులును నిశ్చింతగా నిద్రింపగలరు.