చుక్కలు, కంప్యూటరు, గేములు... మూడూ చుట్టాలే!

పెళ్లిలో పురోహితులు "అదిగోనమ్మా అరుంధతి" అని చూపించగానే, ఏమీ కనపడకపోయినా "ఆఁ, కనిపించింది" అని తలూపేసిన వాళ్లమే మనలో చాలామంది! ముహూర్తం పగటిపూటైతే పాపం చుక్క మాత్రం ఎలా కనిపిస్తుంది?

ఆ చుక్కను తీరిగ్గా చూడాలంటే ఏప్రిల్ నుంచి జూన్ దాకా రాత్రి తొమ్మిదింటికి డాబా ఎక్కి ఉత్తరం వైపు చూడండి. గరిటె ఆకారంలో ఏడు చుక్కలుంటాయి. అవే సప్తర్షులు. గరిటె కాడలో చివరి నుంచి రెండోది వశిష్ఠుడు. ఆయన్ని అంటిపెట్టుకుని మినుకుమినుకుమనే చిన్న చుక్కే అరుంధతి.

ఆకాశం చూడటం, కంప్యూటరు, గేములు... ఇవన్నీ మగపిల్లల సరదాలు, మనకెందుకులే అనుకుంటాం. పిల్లలు గేము ఆడుతుంటే "ముందు అది కట్టెయ్" అని కేకలేస్తాం. ఇంట్లో రోజూ ఇదే గొడవ! కానీ ఈ మూడింటికీ చుట్టరికం ఈనాటిది కాదు.

గేములో అసలు చుక్కలు

1962లో అమెరికాలోని ఎమ్‌ఐటీలో స్టీవ్ రస్సెల్, ఆయన మిత్రులు కలిసి 'స్పేస్‌వార్' అనే కంప్యూటర్ గేము తయారుచేశారు. తొలినాటి వీడియో గేముల్లో ఇదొకటి. తెర మీద చుక్కలు ఎక్కడపడితే అక్కడ ఉండటం పీటర్ శాంసన్‌కు నచ్చలేదు. నిజమైన ఆకాశంలో ఏ చుక్క ఎక్కడుందో, ఎంత వెలుగుతుందో చూసి అలాగే తెర మీద పెట్టాడు. అంటే ఆట ఆడేవాళ్లకు తెలియకుండానే ఆకాశపాఠం!

టీచరమ్మ కంటికి చిక్కిన వింత

2007లో 'గెలాక్సీ జూ' మొదలైంది. లక్షల కొద్దీ నక్షత్రవీధుల ఫొటోలను ఇంటర్నెట్‌లో పెట్టి, వాటి ఆకారాలను గుర్తించడంలో సాయం చేయమని శాస్త్రవేత్తలు మామూలు జనాన్ని అడిగారు. నెదర్లాండ్స్‌లోని స్కూలు టీచరు హానీ వాన్ ఆర్కెల్ అలా చూస్తూ చూస్తూ ఒక ఫొటోలో వింత మరకను పట్టుకుంది. "ఇదేమిటి?" అని అడిగింది. అదొక పెద్ద వాయు మేఘమనీ, పక్కనున్న నక్షత్రవీధి ఒకప్పుడు చిమ్మిన వెలుగుకు అది మెరుస్తోందనీ తర్వాత తేలింది. దానికి ఆమె పేరే పెట్టారు. హబుల్ టెలిస్కోపు తీసిన దాని ఫొటో 2011లో విడుదలైంది. ఆమె చేసిందల్లా శ్రద్ధగా చూడటం, అడగటం. బియ్యంలో రాయి ఏరే మన కళ్లకు అంతకంటే ఓపిక తక్కువా?

మీరూ మొదలుపెట్టండి

* 'స్టెల్లేరియం' అనే సాఫ్ట్‌వేర్ కంప్యూటర్‌కు ఉచితంగా దొరుకుతుంది. మీ ఊరు, సమయం ఇస్తే మీ డాబా మీది ఆకాశమే తెర మీద కనిపిస్తుంది.

* డాబా మీద లైటు ఆర్పి, 20 నిమిషాలు చీకటికి కళ్లు అలవాటు పడనివ్వండి.

* టెలిస్కోపు కొనే తొందరొద్దు. ముందు బైనాక్యులర్ చాలు. దాని మీద 7×50 అని ఉంటే ఏడు రెట్లు పెద్దదిగా చూపిస్తుందని, ముందు అద్దం వెడల్పు 50 మిల్లీమీటర్లని అర్థం.

* చంద్రుణ్ణి పౌర్ణమి నాడు కాక అష్టమి దగ్గర్లో చూడండి. నీడలు పడి గుంటలు స్పష్టంగా తెలుస్తాయి. చేయి కదలకుండా పట్టుకుంటే గురుగ్రహం పక్కన దాని ఉపగ్రహాలు కూడా చిన్న చుక్కల్లా కనిపిస్తాయి.

* బైనాక్యులర్‌తో సూర్యుణ్ణి ఎప్పుడూ చూడకూడదు. చూపు పోతుంది. పిల్లలకు ఇది ముందే గట్టిగా చెప్పండి.

కంప్యూటర్ మీకు కొత్తయితే మీ అబ్బాయినో అమ్మాయినో నేర్పమనండి. అమ్మకు పాఠం చెప్పే అవకాశం వస్తే ఏ పిల్లలు వదులుకుంటారు? తెర మీద వాళ్లు చుక్కను చూపిస్తే, డాబా మీద దాన్ని మీరు వెతికి పట్టుకోండి. ఎవరు ముందు కనిపెడితే వాళ్లదే గెలుపు. ఈ ఆటను మాత్రం మీరే కట్టెయ్యనివ్వరు!