విమానం గంటే... మరి ప్రయాణమో?

హైదరాబాదులో అమ్మాయికి పురుడు. "విమానంలో గంటేగా!" అని నిశ్చింతగా ఉన్నారా? ఆగండి, లెక్క చూద్దాం.

గన్నవరం నుంచి శంషాబాదు తిన్నగా సుమారు 260 కిలోమీటర్లు, గంట ప్రయాణం. కానీ ఏలూరు నుంచి గన్నవరానికే ఓ గంట. కౌంటరు గంట ముందే మూసేస్తారు, అందుకని రెండు గంటల ముందే అక్కడుండాలి. దిగాక సామాను తీసుకుని ఊళ్లోకి మరో గంటన్నర. వెరసి ఐదున్నర! ఏలూరులోనే రైలెక్కితే ఆరేడు గంటలు. తాడేపల్లిగూడెం వారికైతే రాజమండ్రి పక్కనున్న మధురపూడి విమానాశ్రయం దగ్గర. లెక్కవేసే తీరు మాత్రం ఇదే.

కొల్లేటి గూడబాతులకు గేటూ క్యూ ఉండవు. మనకు తప్పవు! అందుకే నొప్పులు మొదలయ్యాయని ఫోనొచ్చేదాకా ఆగకండి, ముందే వెళ్లండి. అన్నట్టు, నెయ్యి డబ్బా చేతిసంచీలో వద్దు సుమా, తనిఖీలో ఆపేస్తారు. మూత బిగించి పెట్టెలో సర్దండి.