కిరాయి బాకీ పడితే గూడు పోవలసిందేనా?

సిద్దిపేట: పిల్లల చదువు కోసమో, కూలి కోసమో ఊరు విడిచి వచ్చి సిద్దిపేటలో ఒక గది కిరాయికి తీసుకున్న కుటుంబానికి ప్రతి నెలా మొదటి వారం ఒక గండమే. బీడీల పని తగ్గినా, మగ్గం ఆగినా, ఇంట్లో ఒకరు మంచాన పడినా మొదట నిలిచిపోయేది కిరాయే. ఒక నెల ఇంటి యజమాని ఓపిక పడతాడు. రెండో నెల మాటా మాటా పెరుగుతుంది. మూడో నెల సామాను బయట పడేస్తాననే బెదిరింపు వస్తుంది. ఆ మాటకే జడిసి మూటాముల్లె సర్దుకునే వారున్నారు. దాంతో పిల్లల బడి కూడా మధ్యలో ఆగిపోతుంది.

అయితే బాకీ పడినంత మాత్రాన ఎవరినీ బలవంతంగా వీధిలోకి నెట్టే హక్కు యజమానికి లేదు.

చట్టం ఏమంటుంది?

మునిసిపల్ పట్టణాలలో నెల కిరాయి 2 వేల రూపాయలకు మించని పాత ఇళ్ళకు 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం వర్తిస్తుంది. యజమాని రెంట్ కంట్రోలర్ వద్ద పిటిషను వేసి ఉత్తర్వు పొందితే తప్ప ఖాళీ చేయించలేడు. బాకీ కావాలని ఎగవేసింది కాదని కంట్రోలర్ నమ్మితే, కట్టడానికి 15 రోజుల వరకు గడువు ఇవ్వవచ్చు. ఆలోగా కట్టేస్తే పిటిషను కొట్టివేస్తారు. సరైన కారణం లేకుండా నీళ్ళు, కరెంటు ఆపడం కూడా తప్పే.

కిరాయి అంతకు మించితే ఆస్తి బదిలీ చట్టం వర్తిస్తుంది. వేరే ఒప్పందం లేని నెలవారీ కిరాయిదారుకు 15 రోజుల నోటీసు ఇవ్వాలి. అప్పటికీ కదలకపోతే యజమాని కోర్టుకు వెళ్ళవలసిందే గాని, తాళం పగలగొట్టరాదు.

వకీలు ఖర్చు లేకుండా

కిరాయికే డబ్బు లేనివాడు వకీలును ఎక్కడ పెట్టుకోగలడు? ఈ ప్రశ్నకు జవాబే 1987 నాటి న్యాయసేవల చట్టం. మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. మిగతావారిలో ఆదాయం తక్కువగా ఉన్నవారికీ ఈ సాయం అందుతుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వవచ్చు. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు.

అందరు యజమానులూ మేడలున్నవారు కారు. ఉన్న రెండు గదుల్లో ఒకటి కిరాయికిచ్చి, ఆ డబ్బుతోనే మందులు కొనుక్కునే ముసలమ్మలూ ఉన్నారు. అందుకే తగవు ముదరక ముందే లోక్ అదాలత్‌లో కూర్చుని, బాకీని వాయిదాలలో కట్టేటట్లు రాజీ కుదుర్చుకోవడం ఇద్దరికీ మేలు. అక్కడ కోర్టు ఫీజు ఉండదు.

2020లో కరోనా కాలంలో జరిగింది కూడా ఇదే. మార్చి నుంచి మూడు నెలల కిరాయి కోసం ఒత్తిడి చేయవద్దని, తరువాత వడ్డీ లేకుండా వాయిదాలలో తీసుకోవాలని రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది. కిరాయి మాఫీ కాలేదు. కుదుటపడేందుకు వ్యవధి మాత్రం దొరికింది.

చేతికి ఆసరా

2015లో మొదలైన బీడీ కార్మికుల పింఛను 2019లో 2,016 రూపాయలయింది. ఒక చిన్న గది కిరాయికి అది ఆధారమవుతుంది. అర్హత ఉండీ అందనివారు దరఖాస్తు విషయం కనుక్కోవాలి. పొదుపు సంఘంలో ఉన్న మహిళకు తక్కువ వడ్డీ అప్పు దొరికితే అధిక వడ్డీల వాడి గడప తొక్కే పని ఉండదు. 2020 డిసెంబరులో నర్సాపూర్ వద్ద ప్రారంభమైన డబుల్ బెడ్‌రూం ఇళ్ళు కొందరికి కిరాయి బాధను పూర్తిగానే తప్పించాయి. కాని అవి అందరికీ రాలేదు.

మిగిలినవారికి జాగ్రత్తే రక్ష. కట్టిన ప్రతి కిరాయికి రసీదు అడగాలి. అది చట్టం ఇచ్చిన హక్కు. నోటీసు వస్తే దాచిపెట్టకుండా ఆ వారంలోనే న్యాయసేవా సంస్థ వారికి చూపించాలి. మూట కట్టేందుకు పట్టే సమయంలోనే కోర్టు దాకా ఒకసారి వెళ్ళి రావచ్చు.