తార ఉంటే చాలదు

స్పెయిన్‌కు చెందిన ఆంఖెల్ కొరెయా 1995లో న్యూయార్క్‌లోని అమెరికన్ బ్యాలే థియేటర్‌లో చేరి, మరుసటి ఏడాదికే ప్రధాన నర్తకుడయ్యాడు. స్పెయిన్‌కే చెందిన నర్తకులు తమారా రోఖో లండన్‌లో, హోసే మార్తీనెస్ పారిస్‌లో అగ్రస్థానం అందుకున్నారు. ఇలాంటివాళ్లను తీర్చిదిద్దిన దేశంలో వాళ్లు నాట్యం చేయడానికి పెద్ద క్లాసికల్ బ్యాలే బృందమే లేకపోయింది. 1990 నుంచి జాతీయ బృందాన్ని నడిపిన నాచో దువాతో దాన్ని ఆధునిక నృత్యం వైపు మళ్లించాడు. ఆ లోటు తీర్చాలనే కొరెయా 2008లో కాస్తీయా ఇ లెయోన్ ప్రాంత ప్రభుత్వ అండతో సొంత బృందం పెట్టాడు. అప్పుడే ఆర్థిక మాంద్యం దేశాన్ని కుంగదీసింది. 2012లో బృందం బార్సిలోనాకు మారినా నిలదొక్కుకోలేదు. 2014లో కొరెయా ఫిలడెల్ఫియాలోని బృందానికి కళాత్మక దర్శకుడిగా అమెరికాకు తిరిగి వెళ్లిపోయాడు.

ఉద్యోగాలే లేని రోజుల్లో ప్రజల సొమ్ము బ్యాలేకు ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే. కానీ పదుల మంది నర్తకులు, రోజువారీ సాధన, వాద్యబృందం, దుస్తులు, రంగాలంకరణ అన్నీ టికెట్ల డబ్బుతో గట్టెక్కవు. పేరున్న నర్తకుడు తొలి ప్రదర్శనకు జనాన్ని రప్పించగలడు, ఏళ్ల తరబడి జీతాలివ్వలేడు. క్యూబానే చూడండి: నర్తకి అలీసియా అలోన్సో 1948లో స్థాపించిన బృందానికి 1956లో ప్రభుత్వ సాయం ఆగింది, పని కుంటుపడింది. 1959 విప్లవం తర్వాత నిధులు అందాకే అది ప్రపంచ ప్రఖ్యాతి పొందింది. అలోన్సో ప్రతిభ రెండు కాలాల్లోనూ ఒక్కటే. కొరెయా బృందం మూతపడటాన్ని ఆయన వైఫల్యంగా లెక్కకట్టడం అన్యాయం.