మహావీరుల పాత్రలు, ప్రేక్షకుల తీర్పులు

మండపేట, రామచంద్రపురం, కాకినాడ వంటి ఉమ్మడి తూర్పు గోదావరి జిల్లా పట్టణాలన్నిటినీ సినిమా పంపిణీదారులు ‘తూర్పు’ ఏరియా అని ఒక్క మాటలో వ్యవహరిస్తారు. నటుడి గుణదోషాలను ఎంచడం ఈ ప్రాంతపు ప్రేక్షకులకు సినిమా రాకముందే, తిరునాళ్లలో తెల్లవార్లూ సాగే పద్యనాటకాల వల్ల అలవడింది. కృష్ణ పాత్రధారి పద్యం రక్తి కట్టిస్తే ‘వన్స్ మోర్’ అని మళ్లీ పాడించుకోవడం, గొంతు పలకకపోతే కిరీటం ఎంత మెరిసినా పెదవి విరవడం ఆ ప్రేక్షకుల పద్ధతి. అందుచేత మానవాతీత శక్తులు గల నాయకుడి చుట్టూ అల్లిన సూపర్‌హీరో చిత్రాలలో ఫలానా పాత్రకు ఫలానా నటుడు తగునా అని నేడు సాగుతున్న వాదోపవాదాలు ఇక్కడివారికి కొత్తవి కావు.

భరతుని నాట్యశాస్త్రం అభినయాన్ని నాలుగు విధాలుగా చెప్పింది. అవయవాల కదలిక ఆంగికం, మాట పలికే తీరు వాచికం, వేషభూషలు ఆహార్యం, లోపలి భావం కంటనీరుగానో గగుర్పాటుగానో వెల్లడి కావడం సాత్త్వికం. భారీ చిత్రం విడుదలకు ముందు వచ్చే పోస్టరులో ప్రేక్షకుడికి దొరికేది ఆహార్యం ఒక్కటే కాబట్టి, దానిని చూసి నటుడి ఎంపికపై ఇచ్చే తీర్పు, ఎంత గట్టిగా చెప్పినా, నాలుగింట ఒక భాగం మీద ఇచ్చిన తీర్పే అవుతుంది.

ఇందుకు తెలుగులో అన్నిటికన్నా పెద్ద నిదర్శనం ఎన్.టి.రామారావు కృష్ణ పాత్ర. 1956లో వచ్చిన ‘సొంత ఊరు’ చిత్రంలో ఆయన కొద్దిసేపు కృష్ణుడిగా కనిపించగా ప్రేక్షకులు ఆదరించలేదు. ఆ చేదు అనుభవంతో ‘మాయాబజార్’లో ఆ వేషం వేయడానికి ఆయన మొదట వెనుకాడారు. దర్శకుడు కె.వి.రెడ్డి పట్టుబట్టి ఒప్పించి, దుస్తుల విషయంలోనూ నిలిచే, నడిచే తీరులోనూ ప్రత్యేక శ్రద్ధ తీసుకున్నాక, 1957లో అదే ముఖం ఇంటింటి కృష్ణుడి ముఖమైంది. నటుడు మారలేదు, పాత్రను మలిచిన చెయ్యి మారింది. మొదటి తీర్పు దగ్గరే అందరూ ఆగిపోయి ఉంటే తెలుగు పౌరాణికానికి ఎంత నష్టం జరిగేదో ఊహించడమే కష్టం.

అదే చిత్రంలో ఘటోత్కచుడిగా నటించిన ఎస్.వి.రంగారావు కాకినాడలోని యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాలలో రాటుదేలిన నటుడు. లక్ష్మణ కుమారుడిగా నటించిన రేలంగి రావులపాలెం దగ్గరి రావులపాడులో పుట్టి, అదే కాకినాడలో నాటకాలాడినవాడు. ఘటోత్కచుడు పెళ్లి విందును ఒక్కడే ఆరగించే దృశ్యంలో లడ్డూలు వాటంతట అవే ఎగిరి నోట్లోకి వెళ్లడం ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ పనితనమే అయినా, ఆ యుక్తిని నమ్మించేది తిండి మీద మమకారంతో వెలిగే రంగారావు కళ్లు, రాక్షసుడిలోని పసితనం. ఇక నాయిక శశిరేఖగా నటించిన సావిత్రి చేసినది ఇంకా కష్టమైన పని. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిని చూపడానికి ఆమెకు వేషం సాయపడదు, ఎందుకంటే వేషం శశిరేఖదే. పెళ్లికూతురి పాటలో సిగ్గుతో మెలికలు తిరుగుతున్న ఆ శరీరం ఉన్నట్టుండి బిగుసుకుని, భుజాలు విరుచుకుని, సుశీల గొంతు మధ్య ఘంటసాల గొంతు వినిపించినప్పుడు మగ దర్పంతో అడుగు వేసి, మరుక్షణం మళ్లీ సుకుమారంగా మారిపోతుంది. శక్తిమంతమైన పాత్రను ఆంగికం ఒక్కటే మోయగలదని ఇంతకన్నా స్పష్టంగా చూపిన ఘట్టం తెలుగు తెరపై అరుదు.

వాచికానికి ఉదాహరణ కోడి రామకృష్ణ దర్శకత్వంలో 2009లో వచ్చిన ‘అరుంధతి’. ప్రతినాయకుడు పశుపతిగా కనిపించినది సోనూ సూద్, వినిపించినది పి.రవిశంకర్. పశుపతి పుట్టించే భయంలో సగం గొంతుదే అయినప్పుడు, ఆ పాత్రలో ఎవరు బాగా నటించారన్న ప్రశ్నకు ఒక్క పేరుతో జవాబు చెప్పడం అన్యాయమే.

తొందరపాటు తీర్పులు మనకే పరిమితం కావు. హాలీవుడ్‌లో 1989 నాటి ‘బ్యాట్‌మన్’కు హాస్యనటుడిగా పేరున్న మైకేల్ కీటన్‌ను తీసుకున్నప్పుడు నిర్మాణ సంస్థకు వేల సంఖ్యలో నిరసన లేఖలు వెళ్లాయి. ‘ది డార్క్ నైట్’లో జోకర్‌గా హీత్ లెడ్జర్ ఎంపికపైనా పెదవి విరిచినవారున్నారు, ఆ పాత్రకే ఆయనకు 2009లో మరణానంతరం ఆస్కార్ దక్కింది.

మళ్లీ తెలుగుకు వస్తే, 2024 జనవరి 12న, మహేశ్‌బాబు ‘గుంటూరు కారం’ విడుదలైన రోజునే వచ్చిన ‘హను-మాన్’లో తేజ సజ్జకు పెద్ద తార అన్న పేరు గానీ, ఆజానుబాహువైన రూపం గానీ లేవు. అంజనాద్రి అనే కల్పిత గ్రామంలో చిల్లర దొంగతనాలు చేసే హనుమంతుకు అనుకోకుండా శక్తులు వస్తాయి. ముందు ఆ కుర్రవాడి అల్పత్వాన్ని నమ్మితేనే తరువాత శక్తి ఆశ్చర్యపరుస్తుంది కాబట్టి, లోటుగా కనిపించినదే అక్కడ బలమైంది. ఇందుకు భిన్నంగా 2023 జూన్‌లో వచ్చిన ‘ఆదిపురుష్’కు ‘బాహుబలి’తో ఆ ఆజానుబాహు రూపానికే పేరుపడిన ప్రభాస్ ఉన్నాడు. అయినా రావణుడి వేషధారణపై, సంభాషణలపై, గ్రాఫిక్స్‌పై విమర్శలు చెలరేగి, విడుదలయ్యాక కొన్ని మాటలను మార్చవలసి వచ్చింది. ఆ వైఫల్యాన్ని నటుల ఎంపికకు అంటగట్టడం సరికాదు. రచన, దర్శకత్వం చేయవలసిన పనిని ఏ నటుడి ఛాతీ కొలతా చేయలేదు.

అదే ప్రభాస్ నాయకుడిగా 2024 జూన్ 27న విడుదలైన ‘కల్కి 2898 ఏడీ’లో అందరికన్నా బరువైన పాత్ర, మరణం లేని అశ్వత్థామ, అప్పటికి 81 ఏళ్ల అమితాబ్ బచ్చన్‌ది. శాపగ్రస్తుడి అలసటను, పట్టుదలను పలికించిన ఆ ఒక్క నటన ముందు చిత్రంలోని మిగతా హంగులన్నీ చిన్నబోయాయి.