బొమ్మ ఆగి ఉంటుంది, వార్త నడుస్తుంది: ఏమిటీ స్లో స్కాన్ టీవీ?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో లోకల్ కేబుల్ ఛానెల్ అనగానే గుర్తొచ్చేది స్క్రోలింగ్. కరెంటు కోత, స్కూల్ అడ్మిషన్లు, షాపు ఆఫర్లు అన్నీ స్క్రీన్ కింద అక్షరాలుగా పోతుంటాయి. చదవడం వచ్చినవారికి సరే. తెలుగు చదవలేక ఉర్దూ మాత్రమే వచ్చిన పెద్దలకు ఆ వార్త అందదు. వీడియో తీసి పంపేంత ఖర్చు పెట్టకుండా, అక్షరాలకే పరిమితం కాకుండా వార్త ఇచ్చే దారి ఉందా? అమెరికా కేబుల్ టీవీలో ఒకప్పుడు ఉండేది. దాని పేరు స్లో స్కాన్.

మన పాత టీవీ పద్ధతిలో సెకనుకు 25 బొమ్మలు, ఒక్కో బొమ్మకు 625 గీతలు. దీనికి దాదాపు 50 లక్షల హెర్ట్జ్ వెడల్పున్న దారి కావాలి. ఫోన్‌లో మాటకు సుమారు 3 వేల హెర్ట్జ్ చాలు. అంటే వీడియోకు 1,600 రెట్లు పెద్ద దారి కావాలన్నమాట. దారి పెద్దదైతే అద్దె కూడా పెద్దదే.

1958లో కోప్‌థార్న్ మెక్‌డొనాల్డ్ అనే హామ్ రేడియో ఔత్సాహికుడు దీన్ని తిరగేసి ఆలోచించారు. దారి పెంచకుండా బొమ్మ వేగం తగ్గించారు. తర్వాత స్థిరపడిన పద్ధతిలో 120 గీతల బొమ్మ ఒకటి వెళ్లడానికి 8 సెకన్లు పడుతుంది. బొమ్మ శబ్దంగా మారి వెళ్తుంది: నలుపుకు 1,500 హెర్ట్జ్, తెలుపుకు 2,300 హెర్ట్జ్. అవతల యంత్రం ఆ శబ్దాన్ని మళ్లీ బొమ్మగా మారుస్తుంది.

ఈ కిటుకునే యూపీఐ వార్తా సంస్థ వాడుకుంది. మనం డబ్బులు పంపే యూపీఐ కాదు, యునైటెడ్ ప్రెస్ ఇంటర్నేషనల్. 1978లో 'న్యూస్‌టైమ్' పేరుతో కేబుల్ ఆపరేటర్లకు ఫొటోలు, వాటి వెనుక వార్తలు చదివే గొంతు పంపడం మొదలుపెట్టింది. శాట్‌కామ్-1 ఉపగ్రహంలో టెడ్ టర్నర్ అట్లాంటా ఛానెల్ వెళ్లే దారిలోనే, పక్కన మిగిలిన కాస్త జాగాలో ఇది కూడా వెళ్లేది. పక్క సీట్లో సర్దుకుని కూర్చున్నట్టు.

అదే టర్నర్ 1980 జూన్ 1న సీఎన్ఎన్ ప్రారంభించారు. కదిలే బొమ్మల వార్తలు రోజంతా వస్తుంటే, ఆగిన ఫొటోల ముందు ఎవరు కూర్చుంటారు? న్యూస్‌టైమ్ నిలవలేదు.

అయినా ఆ ఆలోచనలో ఒక లాభం ఉంది. టెలిప్రింటర్‌కు ఏ భాషైనా సరే దాని అక్షరాలు ముందే నేర్పాలి. బొమ్మకు ఆ అవసరం లేదు. కాగితం మీద నస్తాలిక్‌లో రాసిన ఉర్దూ అయినా, తెలుగు అయినా ఉన్నది ఉన్నట్టే వెళ్తుంది. ఈ రోజు సిగ్నల్ సరిగా లేనిచోట వీడియో తిరుగుతూ ఉండిపోతే జనం చేసేదీ అదే: ఒక ఫొటో, ఒక వాయిస్ మెసేజ్.

లోకల్ ఛానెళ్లకు కూడా ఇది కష్టమేమీ కాదు. స్క్రోలింగ్‌తో పాటు నోటీసు ఫొటో పెట్టి, తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి చదివిస్తే చాలు. రేపు నల్లా నీళ్లు రావన్న కబురు చదవడం రాని దాదీమాకూ చేరుతుంది.