గడ్డ దొరికింది... దారేది?

రొమ్ము కేన్సర్ పరీక్షలు ఆడవాళ్లందరికీ చేయాలా? లాభమెంత, నష్టమెంత? ప్రపంచమంతా సాగుతున్న ఈ వాదనను కలికిరి పల్లెల్లో నిలబడి చూస్తే...

"నొప్పి లేదు గదమ్మా, ఏమైతాది? టమోటా కోత అయిపోనీ, చూపించుకుంటా."

కలికిరి, మదనపల్లె చుట్టుపక్కల పల్లెల్లో తిరిగే ఏఎన్ఎంలకు ఇది కొత్త మాట కాదు. నొప్పి ఉంటే ఆ తల్లి ఆగలేకపోయేది. లేదు కాబట్టే ఆగింది. కోత అయ్యాక ఇంట్లో పెళ్లి, పెళ్లయ్యాక మళ్లీ నాట్లు. ఆలోగా కందిగింజంత గడ్డ నిమ్మకాయంత అవుతుంది. 2022లో మన దేశంలో సుమారు 1.92 లక్షల మందికి కొత్తగా రొమ్ము కేన్సర్ బయటపడింది. 98 వేల మందికి పైగా చనిపోయారు.

ముందే ఒక మాట. గడ్డ చేతికి తగిలినా, చనుమొన లోపలికి పోయినా, రక్తం కారినా పరీక్ష తప్పనిసరి. అక్కడ చర్చే లేదు. చర్చంతా ఏ బాధా లేని ఆడవాళ్లను పిలిచి క్రమం తప్పకుండా చేసే పరీక్షల గురించే.

యంత్రం ఏం చెబుతుంది?

మామోగ్రామ్‌లో రొమ్మును రెండు పలకల మధ్య అదిమి ఎక్స్‌రే తీస్తారు. కొన్ని క్షణాలు నొప్పిగా ఉంటుంది. చేతికి అందని చిన్న గడ్డ కూడా అందులో కనిపిస్తుంది. అదే దాని గొప్ప. చిక్కు కూడా అక్కడే ఉంది. కనిపించినవాటిలో కొన్ని కేన్సర్లు ఎంత నెమ్మదిగా పెరుగుతాయంటే, ఆ మనిషి జీవితకాలంలో ఏ హానీ చేయవు. ఏది ప్రాణం తీస్తుందో, ఏది ఊరికే పడి ఉంటుందో ముందుగా కచ్చితంగా తేల్చలేక అన్నిటికీ కోత, రేడియేషన్, మందులు.

బ్రిటన్‌లో 2012లో ఒక స్వతంత్ర నిపుణుల బృందం ఈ లెక్క తీసింది. 50 ఏళ్ల వయసు నుంచి 20 ఏళ్ల పాటు 10,000 మందిని పరీక్షలకు పిలిస్తే 43 మంది ప్రాణాలు నిలుస్తాయి. 129 మందికి మాత్రం అవసరం లేని కేన్సర్ చికిత్స జరుగుతుంది. ఇవి కాక, చివరికి ఏమీ లేదని తేలే అనుమానాలు, సూది పరీక్షలు, నిద్రలేని రాత్రులు. నిపుణులే ఒక మాట మీద లేరు. అమెరికా నిపుణుల సంఘం 2009లో 50 ఏళ్ల నుంచి చాలంది. 2024లో 40 నుంచే, రెండేళ్లకోసారి అంది.

43 మంది ప్రాణాలు చిన్న విషయం కాదు. 129 మంది బాధా చిన్నది కాదు. రెండు అంకెలూ ఆమె ముందు పెట్టి, ఆమెనే తేల్చుకోనివ్వడం మర్యాద.

చెయ్యి ఏం చెప్పింది?

అక్కడి లెక్కను కలికిరికి అలాగే తెచ్చుకోలేం. మన ఆడవాళ్లకు ఈ జబ్బు పాశ్చాత్యుల కంటే సుమారు పదేళ్లు ముందుగా వస్తోంది. వయసులో ఉన్నవారి రొమ్ము కణజాలం దట్టంగా ఉండటంతో మామోగ్రామ్‌లో గడ్డ సరిగా తేలదు. మనలో చాలామంది ఆస్పత్రికి వచ్చేసరికే జబ్బు ముదిరిపోతోంది.

ముంబై టాటా మెమోరియల్ వైద్యులు 1998లో వేరే దారి పట్టారు. మురికివాడల్లో 35 నుంచి 64 ఏళ్ల వయసున్న లక్షన్నర మందిని ఎంచుకుని, వారిలో సగం మందికి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలతో రెండేళ్లకోసారి చేత్తో పరీక్ష చేయించారు. 2021లో ఫలితం వచ్చింది. పరీక్ష చేసినవారిలో జబ్బు ఇంకాస్త ముందు దశలో దొరికింది. 50 దాటినవారిలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకన్నా చిన్నవారిలో ఆ తగ్గుదల కనిపించలేదు. చెయ్యి కూడా సర్వం చెప్పదు, కానీ చాలానే చెబుతుంది.

ఆ పరీక్షకు కావలసిందల్లా తలుపు మూసిన గది, శిక్షణ పొందిన మూడు వేళ్లు. వేళ్ల కొనలతో కాదు, మెత్తని భాగంతో చిన్న చిన్న సున్నాలు చుడుతూ ముందు మెల్లగా, తర్వాత కాస్త గట్టిగా, ఆపై లోతుగా నొక్కుతారు. చంకలో, కాలర్ ఎముక దగ్గరా తడుముతారు. 30 నుంచి 65 ఏళ్ల వారికి అయిదేళ్లకోసారి ఈ పరీక్ష చేయాలని 2016లోనే కేంద్రం మార్గదర్శకాలిచ్చింది.

దొరికాక?

ఇదే నా అసలు ప్రశ్న. తిరుపతి స్విమ్స్ పింక్ బస్సు మామోగ్రామ్ యంత్రాన్ని పల్లెల దగ్గరికే తెస్తోంది. టాటా ట్రస్టుల చేయూతతో అలిపిరి దగ్గర కట్టిన కేన్సర్ ఆస్పత్రి 2022లో మొదలైంది. చికిత్స ఖర్చుకు ప్రభుత్వ వైద్యసేవ పథకం ఉంది. కానీ గడ్డ ఉందని విన్న ఆడమనిషికి, పీలేరు మీదుగా తిరుపతి పోయే బస్సుకు మధ్య పోయే కూలి ఉంది, పిల్లలున్నారు, "ఊళ్లో తెలిస్తే" అన్న భయం ఉంది. ఆ దూరం దాటించని పరీక్ష ఆమెకు భయాన్నే మిగులుస్తుంది.

ఈ నేలకు ఇది తెలియని పాఠం కాదు. 1950ల్లో మదనపల్లె చుట్టుపక్కల పల్లెల్లో జనం ఛాతీకి ఎక్స్‌రేలు తీసి క్షయను వెతికారు. డాక్టర్ ఫ్రిమోట్ మొల్లర్ బృందం చేసిన ఆ అధ్యయనాన్ని 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రిక అచ్చువేసింది. ఆ వెతుకులాట వెనుక ఆరోగ్యవరం క్షయ ఆస్పత్రి ఉంది. రోగి దొరికితే ఎక్కడికి పంపాలో వెతికేవాళ్లకు తెలుసు.

ఇప్పుడూ అదే కావాలి. పరీక్ష చీటీ మీద "అనుమానం" అని రాసే చోటే ఏ ఆస్పత్రికి, ఏ తేదీన, తోడుగా ఎవరు అన్న మూడు మాటలు కూడా రాయాలి. అప్పుడు టమోటా కోత ఒక్కరోజు ఆగుతుంది. ఆమె బస్సెక్కుతుంది.